డాలీ కుంటకు గండి

వెర్నా గ్రిబుల్ మా కొట్టుకు వచ్చినప్పుడు బయట ట్రక్కు ఇంజను ఆపేది కాదు. ఎంతసేపు మాట్లాడినా అది అలా గుర్రుమంటూ ఉండాల్సిందే. ఆయిలు దండగ కదా అని నేనంటే, ఆపితే మళ్లీ బయల్దేరాలని గుర్తుండదు అనేది. అది ఉత్త మాట. బయల్దేరడం మర్చిపోయే మనిషి కాదు వెర్నా. ఒకచోట ఉండటమే ఆమెకు చేతకాలేదు.

డార్లింగ్ నదికి పడమటి వైపు మా ఊరు. ఊరంటే పెద్దగా ఏమీ లేదు. కొట్టూ, టపా ఆఫీసూ, పెట్రోలు పంపూ అన్నీ ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి, వాటన్నిటికీ నేనే దిక్కు. వారానికి రెండుసార్లు టపా బండి తోలేదీ నేనే. అందుచేత చుట్టుపక్కల గొర్రెల ఎస్టేట్లలో ఎవరింట్లో ఏం జరిగినా నా చెవిన పడకుండా పోదు. వెర్నా సంగతి మాత్రం సగం ఆమె చెప్పగా విన్నాను, మిగతా సగం కళ్లారా చూశాను.

వాళ్ల నాన్న పెర్సీ గ్రిబుల్‌ది గ్లెన్‌రే ఎస్టేటు. అక్కడ వానే అరుదు. పడిన వాన గంటలో ఇంకిపోయేది. పెర్సీ వయసులో ఉన్నప్పుడు గుర్రానికి ఇనప తొట్టి కట్టి, మట్టి గీకించి, కట్టలు పోయించి, ఎస్టేటంతటా కుంటలు తవ్వాడు. ఆఖరిదీ అన్నిట్లోకి పెద్దదీ తవ్విన ఏడాదే ఆ గుర్రం చచ్చిపోయింది. దాని పేరు డాలీ. అందుకని దానికి డాలీ కుంట అని పేరు పెట్టుకున్నారు.

కుంటలు తవ్వింది గొర్రెల కోసం. కానీ నీళ్లున్న చోటికి కంగారూలు రాకుండా ఉంటాయా? చీకటి పడే వేళకు మల్గా చెట్ల కింద నుంచి ఒక్కొక్కటే లేచి, ఒళ్లు విరుచుకుని, కుంటవైపు గెంతుకుంటూ వచ్చేవి. మగవి ఎర్రగా, మనిషంత ఎత్తుగా, ఛాతీ విరుచుకుని. ఆడవి చిన్నవి, నీలం కలిసిన బూడిదరంగువి. గొర్రెలకు దక్కాల్సిన గడ్డి ఇవి మేసేస్తున్నాయని పెర్సీకి కోపం. తుపాకీతో కాల్చేవాడు. కాల్చిన ఆడదాని సంచిలో చెయ్యి పెట్టి చూడటం వెర్నా పని. అప్పటికి ఆమెకు పదేళ్లు కూడా లేవు.

ఆ సంచి లోపల వేడిగా, జిడ్డుగా ఉండేదట. ఒక్కోసారి చిక్కుడుగింజంత గులాబీ రంగు ముద్ద చనుమొనను కరుచుకుని ఉండేది. కళ్లుండవు, చెవులుండవు, వెనక కాళ్లు మొలకల్లా ఉంటాయి, ముందు చేతులకు మాత్రం గోళ్లుంటాయి. లాగినా చనుమొనను వదలదు. పక్కనే ఇంకో చనుమొన పొడుగ్గా సాగి ఉండేది. అది బయట తిరిగే పెద్దపిల్లది. దానికి చిక్కటి పాలు, దీనికి పల్చటి పాలు, ఒకే తల్లి దగ్గర, ఒకే పూట. ఇవి కాక కడుపులో మూడోది ఒకటి గింజలా ఆగి ఉంటుందనీ, సంచి ఖాళీ అయ్యాక గానీ అది పెరగడం మొదలుపెట్టదనీ పెర్సీ చెప్పేవాడు. తుపాకీ భుజాన వేసుకుని ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో మెచ్చుకోలు ఉండేదని వెర్నా అనేది. మెచ్చుకుంటూనే మళ్లీ గుండ్లు నింపుకునేవాడట.

పాతికేళ్ల వయసులో వెర్నా ఎడిలైడ్‌లో రొట్టెల కార్ఖానాలో పనిచేసే ఒక మంచివాణ్ణి పెళ్లాడింది. అక్కడ ఒక్క చలికాలం ఉంది. వసంతం రాకముందే సూట్‌కేసుతో మా పెట్రోలు పంపు దగ్గర బస్సు దిగింది. ఆయన తాగుతాడా, కొడతాడా అని మా వాళ్లంతా కూపీ లాగారు. అదేం లేదు. "అక్కడ నేల కనపడదు మావిస్. పొద్దున లేచి ఎటు చూడాలో తెలీదు," అంది నాతో. ఆయన రెండు మూడేళ్లు కబుర్లు పంపి, తరవాత ఇంకొకామెను చేసుకున్నాడు. వెర్నా దాన్ని గురించి బాధపడిందో లేదో నాకు తెలీదు. అడిగితే ట్రక్కెక్కి వెళ్లిపోయేది.

పెర్సీ పోయాక వెర్నా తమ్ముడు డెస్ ఎస్టేటును ప్రభుత్వానికి అమ్మేశాడు. గొర్రెలు వెళ్లిపోయాయి. గ్లెన్‌రే ఇక పార్కు అన్నారు. ఇంట్లో ఆఫీసు పెట్టారు. వెర్నా పుట్టిన గదిలో మ్యాపులు అంటించారు. ఎక్కడికి పోతావు అని డెస్ అడిగితే, ఎక్కడికీ పోనని చెప్పి అదే పార్కులో కూలీగా చేరి, ఆ ఇంటి వెనక గదుల్లోనే ఉండిపోయింది. ఆమెతోపాటు పనిలో చేరినవాడు క్లారీ. నది ఒడ్డు బాకంజీ అనే ఆదివాసీ జనంలో వాడు. ఒకప్పుడు పెర్సీ దగ్గర గొర్రెలు కాసినవాడే. నోరు విప్పితే ఎగతాళే.

మొదట కంచెలు పీకారు. తరవాత కుంటలు మూయమన్నారు. మూయడమంటే మట్టి పోసి పూడ్చడం కాదు, యంత్రంతో కట్టకు గండి కొట్టడం. వాన పడ్డా నీళ్లు నిలవకుండా సాగిపోవాలి. పార్కు అధికారి గ్రేమ్ నెమ్మదస్తుడు. అందరినీ కూర్చోబెట్టి ఎందుకో చెప్పాడు. పూర్వం నదికి దూరంగా ఇక్కడెక్కడా నిలవనీళ్లు లేవు. అప్పుడు కంగారూలు వాన పడిన చోటికి వెళ్లి మేసేవి. మిగతా నేల ఊపిరి పీల్చుకునేది. మనం అడుగడుగునా నీళ్లు పెట్టేసరికి ఏ నేలకూ విశ్రాంతి లేకుండా పోయింది, అన్నాడు. వెర్నాకు ఆ మాట సబబుగానే తోచింది. తన కళ్లముందే గడ్డి ఏటేటా పల్చబడటం చూసింది కదా.

నాన్న తవ్విన కుంటలకు నాన్న కూతురే గండి కొడుతోందని ఊళ్లో వాళ్లు నోరు నొక్కుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. ఒక కుంట మూస్తే అక్కడి కంగారూలు పక్క కుంటకు పోయేవి. అదీ మూస్తే దాని పక్కదానికి. అలా అలా చివరికి అన్నీ డాలీ కుంటకు చేరాయి. సరిగ్గా అప్పుడే కరువు ముదిరింది.

డాలీ కుంటను వేసవి రాకముందే మూసేయమన్నాడు గ్రేమ్. వెర్నా సరేనంది. తరవాత యంత్రంలో ఏదో పాడైందంది. అది బాగైతే ఆయిలు రాలేదంది. ఆయిలు వస్తే తన నడుం పట్టేసిందంది. నడుం పట్టేసిన మనిషి రోజుకు రెండుసార్లు కుంటకు వెళ్లి వచ్చేది. వెళ్లి ఏం చేసేది? చూసేది. కట్ట మీద నిలబడి చూసేది, దిగి నాలుగడుగులు వేసేది, మళ్లీ ఎక్కి చూసేది.

అక్కడ ఒక ఆడ కంగారూ ఉండేది. ఎప్పుడో కంచె తీగకు తగిలి దాని ఎడమ చెవి రెండుగా చీలింది. వెర్నా దాన్ని చీలికచెవి అనేది. ఎన్నేళ్లుగానో అదే చోట, అదే చెట్టు నీడలో పగలంతా పడుకునేది. పై మట్టి కాలుతుంటే ముందు చేతులతో గీరి, అడుగున చల్లటి మట్టి తేలాక అందులో ఒదిగేది. ఎండ మరీ ముదిరితే ముంజేతులు నాక్కుని తడుపుకునేది. గాలి తగిలి అవి చల్లబడతాయి. మగవి ఎక్కడెక్కడి నుంచో వస్తూ పోతూ ఉండేవి గానీ, ఆడవి తమ చోటు వదిలేవి కావు. ఆ ఏడాది చీలికచెవి వెంట ఒక పెద్దపిల్ల తిరుగుతోంది, సంచిలో ఇంకోటి బరువుగా వేలాడుతోంది.

వేసవి సగం గడిచేసరికి కుంట దానంతటదే ఎండింది. నడుమ కాస్త బురద మిగిలింది. ఆ బురద దాటితే చారెడు నీళ్లు. వాటికోసం దిగిన కంగారూలు తొడల దాకా కూరుకుపోయేవి. వెర్నా, క్లారీ పొద్దున్నే వెళ్లి వాటిని లాగేవారు. తలకు గోతం కప్పితే గింజుకోవు. అప్పుడు తోక మొదట్లో పట్టుకుని వెనక్కి లాగాలి. ఒక పెద్ద మగది గోతం విదిలించుకుని వెనక కాళ్లతో ఒక్క తన్ను తన్నింది. క్లారీ ప్యాంటు నడుం నుంచి మోకాలి దాకా చీలిపోయింది. వాడు ఒంటి మీద గాయం లేదని తడుముకుని, ఆ వేషంలోనే మా కొట్టుకు వచ్చి కొత్త ప్యాంటు కావాలన్నాడు. పార్కు వాళ్లు ఇస్తారులే అంటే, "నన్ను తన్నింది పార్కు ఆస్తేగా, ఇవ్వక చస్తారా," అన్నాడు.

బురదలో దిగబడి చావడంకంటే నయమని ఆ వారంలోనే వెర్నా డాలీ కుంటకు గండి కొట్టింది. యంత్రం మీద ఆమే కూర్చుంది. పని అయ్యాక దిగి, కట్ట తెగిన చోట లోపలి మట్టిని చేత్తో నలిపి చూసింది. కట్ట పోసేటప్పుడు పెర్సీ మట్టి మధ్యలో గడ్డి వేసి తొక్కించాడట. ఆ గడ్డి ఇంకా గడ్డిలానే ఉంది. ఆ మాట నాతో చెప్పినప్పుడు ట్రక్కు తాళం చేతిలో తిప్పుతూనే ఉంది.

అంతటితో ఆగితే ఈ కథ లేదు. గండి కొట్టిన మూడోనాడు వెర్నా తమ పాత గొర్రెల కొట్టం నుంచి గొర్రెలు నీళ్లు తాగే తొట్టి ఒకటి ట్రక్కులో వేసుకెళ్లి, చెట్ల చాటున దించింది. ఇంటి దగ్గర బోరు నీళ్లు పీపాల్లో తీసుకెళ్లి నింపడం మొదలుపెట్టింది. గ్రేమ్‌కు చెప్పలేదు. క్లారీకి చెప్పలేదు గానీ వాడికి తెలుసు. రోజూ తెల్లవారకముందు ట్రక్కు బరువుగా పోయి తేలిగ్గా తిరిగొస్తుంటే తెలీకుండా ఎలా ఉంటుంది?

కంగారూలు తొట్టికి అలవాటు పడ్డాయి. ముందు ఒకటీ అరా, తరవాత మందంతా. తాగి ఎక్కడికీ వెళ్లేవి కావు. ఎక్కడికి వెళతాయి? నడిచి వెళ్లేంత దూరంలో గడ్డి పరక లేదు. ఉన్న ఉప్పుమొక్కల ఆకులు దూసేశాయి. గడ్డి వేళ్లు కూడా గోళ్లతో తవ్వుకుని తిన్నాయి. తాగడం, నీడకు పోయి ఒరగడం, లేచి మళ్లీ తాగడం. మేసేటప్పుడు తోకను అయిదో కాలులా నేలకు ఊని ముందుకు జరుగుతాయి కదా, ఆ తోకలు సన్నబడి ఎముక తేలాయి. ముందు పోయినవి పెద్దపిల్లలు. తల్లికి పాలు ఇంకిపోతే అవి వెంటపడి తల సంచిలో దూర్చేవి. తల్లి తోసేసేది. ఆ తరవాత మగవి. తగవులాడి, ఒకదాన్నొకటి తన్నుకుని, ఛాతీలు నేలకు రాసి పెత్తనం చూపించిన పెద్ద ఎర్ర మగవి, లేవలేక పడుకున్న చోటనే పడుకున్నాయి. గద్దలు కొమ్మల మీద కూర్చుని ఉండేవి. వాటికి తొందర లేదు.

వెర్నా తిండి మానేసింది. మా కొట్టుకు వచ్చి కావలసినది చెప్పి, కట్టేలోపే వెళ్లిపోయేది. నేను టపా బండిలో తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. ఒకసారి ఇంట్లో చూస్తే కుర్చీలన్నీ బల్ల మీద బోర్లించి ఉన్నాయి. ఇల్లు తుడుస్తున్నావా అన్నాను. కాదట. కూర్చోవాలనిపించకుండా పెట్టుకుందట.

ఒక పొద్దున తొట్టి పక్కన చీలికచెవి సంచిపిల్ల నేల మీద పడి ఉంది. అప్పుడప్పుడే వెంట్రుక పట్టిన ఒళ్లు, పెద్ద పెద్ద పాదాలు. ప్రాణం లేదు. చీమలు చేరాయి. తల్లి కాస్త దూరంలో నీళ్లు తాగుతోంది. వెర్నా ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుని నిలబడి ఉండగా వెనకనుంచి క్లారీ వచ్చాడు. ఇన్నాళ్లూ తెలియనట్టు ఉన్నవాడు ఆరోజే నోరు తెరిచాడు. ఎగతాళి చెయ్యలేదు.

"నీళ్లు నువ్వు పోస్తున్నావు. గడ్డి ఎవరు పోస్తారు వెర్నా?"

"నీళ్లు కూడా లేకపోతే ఇంకా ముందే చచ్చేవి."

"కొన్ని చచ్చేవి. కొన్ని పోయేవి. నువ్వు తొట్టి పెట్టాక ఒక్కటీ పోలేదు, చూసుకున్నావా? వాటిని కట్టేశావు. తాడు కనపడదంతే."

వెర్నా ఆ పిల్లను నేల మీద పెట్టి, ట్రక్కెక్కి, వాణ్ణి అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఎండలో ఇల్లు చేరేసరికి క్లారీకి మధ్యాహ్నమైంది. చాలా రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు. కానీ మర్నాడు ఆమె నీళ్లు తీసుకెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్లి తొట్టిని బోర్లించి ట్రక్కులో వేసుకుంది.

ఆ సాయంత్రం నన్ను వెంట రమ్మంది. ఒక్కతే చూడలేనని అనలేదు గానీ నాకు అర్థమైంది. ట్రక్కులోనే కూర్చున్నాం. పొద్దు వాలుతుంటే కంగారూలు నీడల్లోంచి లేచి వచ్చాయి. తొట్టి ఉండిన చోట నాలుగు గుంటలు మిగిలాయి. అవి వచ్చి ఆ గుంటల చుట్టూ నిలబడ్డాయి. చెవులు ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పుతూ మా ట్రక్కువైపు చూశాయి. ఒకటి వంగి మట్టి నాకింది. వెర్నా గేరు కర్ర మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేసింది. ఇంటికి వెళ్లి పీపా తెచ్చేస్తుందేమో అనుకున్నాను. కాసేపటికి ఒక మగది వెనక కాలితో నేలను దబ్బున కొట్టింది. ఏం విందో ఏమో. అన్నీ ఒక్కసారి లేచి, చెల్లాచెదురై, చెట్లలో కలిసిపోయాయి.

ఆ తరవాతి రోజులు వెర్నాకు ఎలా గడిచాయో చెప్పలేను. పార్కు ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. చచ్చినవి కనపడేవి, బతికినవీ కనపడేవి. ఒకనాడు మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. ఊళ్లో అందరం బయటికి వచ్చి నిలబడ్డాం. చాలా దూరాన నల్లగా దిగింది, మెరిసింది, ఉరుము కూడా సరిగా వినపడలేదు. మాకు ఒక్క చుక్క పడలేదు. తడిమట్టి వాసన మాత్రం గాలిలో కాసేపు వచ్చి పోయింది.

అయిదారు రోజులకు క్లారీ వెర్నా గుమ్మం దగ్గరికి వచ్చి, తనే ముందు మాట కలిపాడు. "మీ వాళ్లు ఊరెళ్లారు," అన్నాడు. డాలీ కుంట దగ్గర ఒక్క కంగారూ లేదు. జాడలు మాత్రం ఉన్నాయి. జంటజంటలుగా పొడవాటి పాదాల గుర్తులు, అన్నీ పడమటికే. సొంత చోటు వదలవనుకున్న ఆడవాటివి కూడా.

ఆ రోజు టపా దారి అటే కావడంతో నేనూ వాళ్ల వెనకే వెళ్లాను. పార్కు సరిహద్దు కంచె అడుగున అవి దూరిన చోట మట్టి అరిగి, తీగకు ఎర్ర వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఒకటి పైనుంచి గెంతబోయి, కాలు రెండు తీగల మధ్య మెలిపడి, తలకిందులుగా వేలాడుతోంది. ఇంకా బతికే ఉంది. కాలెముక బయటికి వచ్చేసింది. క్లారీ నావైపు తిరిగి నన్ను బండిలోకి పొమ్మన్నాడు. వాడూ వెర్నా దాని పని ముగించి వచ్చేదాకా నేను కళ్లు మూసుకున్నాను. చీలికచెవి కాదని వెర్నా చెప్పింది. నేను అడగలేదు.

కంచెకు అవతలిది సెసిల్ పాస్కో ఎస్టేటు. సెసిల్ పెర్సీకి ఈడువాడు, స్నేహితుడు. డెబ్బై దాటినా ఇంకా గొర్రెలు కాస్తున్నాడు, కంగారూలను కాలుస్తున్నాడు. వాన పడింది ఆయన నేల మీదే. అదీ అంతటా కాదు, ఎవరో పమిట పరిచినట్టు సన్నటి పట్టీ. ఎర్రమట్టి మీద అప్పుడే పచ్చటి నూగు లేచింది. దాని మీద కంగారూలు. తలలు వంచి, తోకలు ఊని, చప్పుడు లేకుండా మేస్తున్నాయి. అంత పచ్చదనం చూసి ఎంత కాలమైందో, నాకు ముందు కళ్లు మండాయి.

సెసిల్ తన ట్రక్కుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనక అద్దం దగ్గర తుపాకీ వేలాడుతోంది.

"రా పిల్లా. నీ మంద వచ్చింది. మేత బిల్లు ఎవరికి పంపమంటావ్?" అన్నాడు.

"నావి కావు బాబాయ్."

"మరెవరివి? మీ నాన్న నీళ్లు పెట్టి పెంచాడు. నువ్వు నీళ్లు తీసేసి నా మీదికి తోలావు. కాల్చేది నేను, తిట్లు తినేదీ నేనే."

వెర్నా దుర్భిణి కళ్లకు పెట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. ఆరోజు చీలికచెవి కనపడలేదు. మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ వారమంతా పని అయ్యాక వెళ్లింది. సెసిల్ మొదట సణిగాడు, తరవాత తనూ వచ్చి పక్కన ట్రక్కు ఆపుకునేవాడు. ఆమె వచ్చినంతసేపు కాల్చకుండా ఉండేవాడు, ఆమె వెళ్లాక కాల్చుకునేవాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసే వెళ్లేది, తెలిసే ఆలస్యంగా తిరిగొచ్చేది.

తరవాతి టపా రోజు నేను సెసిల్ ఉత్తరాలు ఇవ్వడానికి ఆగితే, ఇద్దరూ చెరో ట్రక్కులో, కిటికీల్లోంచి బయటికి వంగి, కదలకుండా ఉన్నారు. వెర్నా నావైపు చూడకుండానే చేత్తో సైగ చేసింది. నేను బండి దూరంగా ఆపి, నడిచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. దుర్భిణి నా చేతికిచ్చింది.

చీలికచెవి ఒక చెట్టుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. అలా కూర్చున్న కంగారూను నేనెప్పుడూ చూడలేదు. తోకను కాళ్ల మధ్యనుంచి ముందుకు చాపి, దాని మీదే బరువు వేసింది. తల సంచిలో దూర్చి నాకుతోంది. చాలాసేపటినుంచి అలాగే నాకుతోందట. ఒళ్లు ఇంకా ఎముకల గూడే. సంచి వదులుగా వేలాడుతోంది. పైన పిల్ల పోయాక, లోపల ఆగి ఉన్న గింజ కదిలిందన్నమాట. అలా కదిలినప్పుడు తల్లి ఇంకా ఆ తొట్టి చుట్టూనే తిరుగుతూ ఉండి ఉంటుంది. వెర్నా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ అదే అంది నెమ్మదిగా.

తరవాత నాకు అక్కడేదో కదిలినట్టు అనిపించింది. పురుగేమో అనుకున్నాను. చిక్కుడుగింజంత గులాబీ చుక్క, తడి మెరుపుతో, పొట్ట బొచ్చులో పైకి పాకుతోంది. ఈదుతున్నట్టు ఒక చెయ్యి, తరవాత ఇంకో చెయ్యి. తల అటూ ఇటూ ఊగుతోంది. తల్లి సాయం చెయ్యడం లేదు. కిందికి జారితే పోయినట్టే. ఒకచోట ఆగింది. వెర్నా నా చేతిలోంచి దుర్భిణి లాక్కుంది. నాకు కోపం రాలేదు, ఉత్త కళ్లతో ఏమీ కనపడకపోయినా అటే చూస్తూ ఉండిపోయాను.

"వెళ్లింది," అంది కొంతసేపటికి. "లోపలికి వెళ్లింది."

చిన్నప్పటినుంచి ఎన్ని సంచుల్లో చెయ్యి పెట్టిందో ఆమెకే లెక్క లేదు. అది లోపలికి ఎలా చేరుతుందో ఎన్నడూ చూడలేదు.

సెసిల్ తన దుర్భిణి దించి, టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లలో నేనూ చూళ్లేదు," అన్నాడు. "పెర్సీ చూసుంటే పొంగిపోయేవాడు." ఆ వెంటనే, తన మాట తనకే నచ్చనట్టు, "అయినా గడ్డి గడ్డే. రేపు ఉత్తరం వైపు కాలుస్తాను, చెప్పలేదనకు," అన్నాడు.

"కాల్చుకో. ఆడవాటిని వదిలెయ్ బాబాయ్."

"ఎప్పటిదాకా?"

"మళ్లీ వాన పడేదాకా."

"నీ వాన ఎప్పుడు పడుతుందో!" అన్నాడు ఆయన, ఇంజను వేస్తూ. మాట ఇవ్వలేదు. కానీ ఆ కాలమంతా ఆయన మా కొట్టుకు తెచ్చిన తోకలన్నీ మగవాటివే, లావుపాటివి. నేను పులుసు పెట్టి క్లారీకి కూడా పంపాను. వెర్నా మాత్రం ముట్టలేదు.

చలికాలం ముందు అసలైన వాన పడింది. నీళ్లు డాలీ కుంట గండిలోంచి సాగి, కింది మైదానమంతా పరుచుకుని, నాలుగు రోజుల్లో ఇంకిపోయాయి, వెనకే అక్కడ గడ్డి లేచింది. వెనకటిలా కుంట నిండి ఉంటే ఆ గడ్డి వచ్చేది కాదని గ్రేమ్ ఫొటోలు తీసుకున్నాడు. అప్పుడే వెర్నా ఆయన గదిలోకి వెళ్లి తొట్టి సంగతి చెప్పేసింది. నీళ్లు ఎందుకు పోసిందో, ఎందుకు ఆపిందో, ఎన్ని చచ్చాయో అన్నీ. అడిగేవాడు లేకపోయినా చెప్పింది. గ్రేమ్ మొహం ఎర్రబడింది. ముందే చెప్పాల్సిందనీ, ఇలా ఎవరికి తోచింది వాళ్లు చేస్తే పార్కు ఎందుకనీ అన్నాడు. వెర్నా తల ఊపింది. ఉద్యోగం పోతుందనుకుంది. పోలేదు. ఆయన ఆ మధ్యాహ్నమే బయటికి వచ్చి, ఈసారి నీకు ఏదైనా తప్పనిపిస్తే ముందు నా దగ్గర గొడవ పడు, అన్నాడట.

పడమటికి వెళ్లిన మందలో సగం తిరిగి వచ్చాయి. చీలికచెవి వచ్చిందో లేదో తెలీదు. వెర్నా నీడలన్నీ వెతికింది. ఒక రోజు చూశానంది, మర్నాడు కాదేమో అంది. క్లారీ మళ్లీ ఎగతాళికి దిగి, కనపడిన ప్రతి కంగారూకూ చెవి చీల్చి తెస్తానన్నాడు.

ఆ మరుసటి ఏడాది ఉత్తరాన ఇంకో ఎస్టేటును పార్కు చేశారు. అక్కడా కుంటలున్నాయి. పంపడానికి ఎవరున్నారని గ్రేమ్ అడిగితే వెర్నా అప్పటికే సామాను ట్రక్కులో వేసింది. తను పుట్టిన ఇల్లు వదిలి వెళుతున్నందుకు దిగులుగా లేదా అని అడిగాను. దిగులేనట. అయినా ఉంటే ఇంకా ఎక్కువట.

నా టపా దారి అక్కడికి పోదు. ఒక్కసారి పని పెట్టుకుని వెళ్లాను. వెర్నా అక్కడ ఒక పాత కుంట కట్ట మీద నిలబడి ఉంది, యంత్రం కింద సిద్ధంగా ఉంది. దుర్భిణి మెడలో వేలాడుతోంది. కుశలం అడగలేదు. దారిలో కంగారూలు ఎటు పోతున్నాయని అడిగింది. చాలావరకు తూర్పుకు అన్నాను. తలలు వంచి పోతున్నాయా, ఆగి ఆగి పోతున్నాయా అని అడిగింది. అంత గమనించలేదన్నాను. ఆమె కట్ట దిగి, యంత్రం ఆపేయమని కింద ఉన్నవాళ్లకు చెప్పి, అవి వానవైపే పోతున్నాయో, ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాయో తేలేదాకా, ఈ వారం ఇది ముట్టుకోవద్దంది. ముందు గ్రేమ్‌కు ఫోన్ చేసి గొడవ పడాలంది.